హర్ఫ్ బాజ్: రెండు లిపులకూ ఒకే ఖలం



మా కొమరోలు వైపు జల్సా కరపత్రం అంటే పైన రెండు లైన్లు ఉర్దూ, కింద తెలుగు. ఒకటి కుడి నుంచి ఎడమకు, ఇంకొకటి ఎడమ నుంచి కుడికి. రెండూ ఒకే లైన్లో కలిస్తే చాలా సాఫ్ట్‌వేర్లలో ఫుల్‌స్టాప్ ఒక పక్కకు, తారీఖు ఇంకో పక్కకు పోతాయి. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాలాంటి వాళ్లకు ఇది రోజూ ఉండే తక్లీఫ్. దీనికి ఇలాజ్ చూపించిన ఒక పాత సాఫ్ట్‌వేర్ కథ ఇది. దాని పేరు ఈమ్యాక్స్.

1976లో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ దీన్ని మొదలుపెట్టారు. అక్కడ టెకో అనే ఎడిటర్ వాడేవాళ్లు ఎవరికి వాళ్లు సొంత ఆదేశాలు రాసుకునేవారు. వాటినన్నీ ఒక తర్తీబులో పెట్టగా పుట్టిందే ఈమ్యాక్స్. 1985లో స్టాల్‌మన్ లిస్ప్ భాషను లోపలే పెట్టి గ్నూ ఈమ్యాక్స్ విడుదల చేశారు. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు.

దాని అసలు ఖూబీ ఒక చిన్న ఫైలులో ఉంది. ఈమ్యాక్స్ తెరవగానే ముందు ఆ ఫైలు చదువుతుంది. ఏ మీట నొక్కితే ఏం జరగాలి, ఏ భాషతో మొదలు కావాలి, అక్షరం ఎంత పెద్దగా కనిపించాలి, అన్నీ మన మర్జీ ప్రకారం అందులో రాసుకోవచ్చు. దుకాణం తెరిచే కుర్రాడికి తరాజు ఎక్కడ, బాట్లు ఎక్కడ పెట్టాలో చిట్టీ రాసిచ్చినట్టు.

ఇది ఇంజినీర్ల పని అనుకోకండి. 1978లో బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ మల్టిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థకు ఈమ్యాక్స్ రాశారు. ఆఫీసు సెక్రటరీలకు ఇచ్చిన పుస్తకంలో దాన్ని ఎలా మార్చుకోవాలో ఉంది గానీ, ఆ పనిని ప్రోగ్రామింగ్ అంటారని ఎక్కడా లేదు. అందుకే వాళ్లు భయపడలేదు, హాయిగా నేర్చుకున్నారు. ఈ వాకియా స్టాల్‌మన్ చెప్పిందే. హునర్‌కు అడ్డం వచ్చేది చాలాసార్లు పేరే.

ఇక లిపుల సంగతి. జపాన్‌లో హండా కెనిచి బృందం చాలా లిపులు ఒకేచోట రాసే వీలు తయారుచేసింది. 1997లో అది ఈమ్యాక్స్ 20లో కలిసింది. 2012లో వచ్చిన ఈమ్యాక్స్ 24లో ఎలీ జరెట్‌స్కీ చేసిన పనితో కుడి నుంచి ఎడమకు రాసే లిపులు కూడా సరిగ్గా నిలబడ్డాయి. ఇప్పుడు మొదటి ఫైలులో భాష తెలుగు అని ఒక్క లైను రాస్తే చాలు, ఇంగ్లిష్ మీటలతో తెలుగు కొట్టే పద్ధతి సిద్ధంగా ఉంటుంది. పేరా ఉర్దూ అక్షరంతో మొదలైతే అదే కుడి పక్కకు జరుగుతుంది. సంక్షిప్తాలు కూడా నేర్పవచ్చు. మూడక్షరాలు కొడితే ఇన్షా అల్లాహ్ అని పూర్తిగా వచ్చేస్తుంది.

ఈమ్యాక్స్‌లో కంట్రోల్‌తో హెచ్ నొక్కి, మళ్లీ హెచ్ నొక్కితే లోకంలోని పలకరింపుల పేజీ ఒకటి తెరుచుకుంటుంది. అరబీ అస్సలాము అలైకుమ్, తెలుగు నమస్కారం ఒకే కాగితం మీద ఉంటాయి.

ఇంకో ముచ్చట. తెలుగు ఒత్తులను, గుణింతాలను తెరమీద సరిగ్గా పేర్చే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఈమ్యాక్స్ 2020 నుంచి దాన్నే వాడుతోంది, ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉంది. దాని పేరు హర్ఫ్ బాజ్. ఫార్సీలో హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచి ఉన్నది. ఓపెన్‌టైప్ అనే మాటకు ఫార్సీ రూపం అది. మన ఫోన్‌లో 'క్ష' సరిగ్గా కనిపించడం వెనక ఒక ఫార్సీ పేరు పనిచేస్తోంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన ఇళ్లలో చాలామంది పిల్లలు ఉర్దూ మాట్లాడతారు, తెలుగులో రాస్తారు, అలిఫ్ బే మాత్రం రాదు. రెండు లిపులూ ఒకచోట ఇమడవని ఇక ఎవరూ బహానా చెప్పలేరు. యంత్రం ఒప్పుకుని చాలా ఏళ్లయింది. అయితే మొదటి ఫైలు మనం రాయకపోతే, ఫోన్ తయారుచేసినవాడు రాసిందే మన ఆదత్ అవుతుంది. ఫోన్‌లో కీబోర్డు సెట్టింగులు కూడా అలాంటి ఫైలే. ఈ రాత్రి ఇషా తర్వాత పిల్లల ఫోన్ తీసుకుని, తెలుగు పక్కన ఉర్దూ కూడా చేర్చండి. రెండు నిమిషాల పని.