బొర్రా సున్నపురాయి: గనుల లీజు నుంచి గుహ టికెట్టు దాకా

యానాం నేల గోదావరి తెచ్చిన ఒండ్రు. డెల్టాలో పాత ఇళ్లకు వాడిన సున్నం కూడా చాలావరకు గుల్లలు కాల్చి తీసినదే. ఇక్కడి యాత్రికులు సున్నపురాయి ప్రకృతిని చూడాలంటే తూర్పు కనుమలెక్కి, అనంతగిరి మండలంలోని బొర్రా గుహలకు వెళ్లాలి. పర్యాటకం ఆ గుహలకు మేలు చేసిందా, కీడు చేసిందా అని అడిగే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: పర్యాటకం లేకపోతే అక్కడి రాయి ఏమయ్యేది?

దానికి జవాబు న్యాయస్థానం రికార్డుల్లో దొరుకుతుంది. బొర్రా పంచాయతీ పరిధిలో కాల్సైట్ వంటి ఖనిజాల తవ్వకానికి ప్రైవేటు వ్యక్తులకు, కంపెనీలకు ప్రభుత్వం లీజులిచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ వాటిని సవాలు చేసింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు ఆ లీజులు చెల్లవని తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందన్నదే ఆ తీర్పుకు ఆయువుపట్టు. రాయిని కదపకుండా ఆదాయం తెచ్చే మార్గాలు కొండల్లో ఎన్నో లేవు. వాటిలో పర్యాటకం ఒకటి. దాని మొదటి ప్రయోజనం ఇదేనని నా అభిప్రాయం.

మిగతా ప్రయోజనాలు కళ్లెదుటే ఉన్నాయి. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం గుహల మీదుగానే సాగుతుంది. 2017లో ఆ దారిలో అద్దాల బోగీ వచ్చింది. గుహల బయట బొంగులో చికెన్, కాఫీ, అటవీ ఉత్పత్తులు అమ్ముడవుతాయి.

కష్టమంతా గుహ లోపల. వాననీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని పలుచని ఆమ్లమై రాతిని కరిగిస్తుంది. ఆ నీటిచుక్క గుహలోకి దిగాక వాయువును వదిలేసి, సున్నాన్ని కప్పుకు అంటించి పోతుంది. సున్నపు ఊడ పెరుగుదల సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు ప్రాంతంలో ఉంటుంది. వందలమంది ఒకేసారి ఊపిరి వదిలితే లోపలి గాలిలో ఆ వాయువు పెరుగుతుంది. చెమ్మతో కలిసి గోడలనే తినడం మొదలుపెట్టగలదు. రంగుదీపాల వెలుగు, వేడి తగిలిన చోట పచ్చని నాచు పడుతుంది. చేతి జిడ్డు అంటిన చోట కొత్త సున్నం సరిగా పట్టదు. ఫ్రాన్స్‌లో లాస్కో గుహ చిత్రాలకు సందర్శకుల శ్వాస తెచ్చిన హాని తెలిశాక 1963లో జనానికి ఆ గుహను మూసేశారు.

అయితే జనం సంఖ్య ఒక్కటే కొలమానం కాదు. బొర్రా ద్వారం విశాలం, గాలి ఆడుతుంది. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున సన్నని దారులతో సాగుతాయి. 2002లో సందర్శకులకు తెరిచింది సుమారు 1.5 కిలోమీటర్లే, అక్కడా గాలిని లోపలికి పంపాలి. బొర్రా తట్టుకునే గుంపును బెలుం తట్టుకోలేదు. రెండింటికీ ఒకే నిబంధన రాయడం తప్పు. పరిమితిని రోజు లెక్కన కాక గంట లెక్కన పెట్టాలి, ఎందుకంటే శివరాత్రి, క్రిస్మస్ సెలవుల రద్దీలో ఏడాది సగటు ఏమీ చెప్పదు. మనుషులు లేని చోట దీపం వెలగకూడదు. గబ్బిలాలున్న భాగాలను పూర్తిగా వదిలేయాలి.

గుహలు ఎవరివన్న ప్రశ్న ఇంకా మిగిలింది. వీటిని భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ 1807లో కనుగొన్నారని ఇప్పటికీ ప్రచారంలో ఉంది. ఆ సంస్థ ఏర్పడిందే 1851లో. తేదీ సంగతి అలా ఉంచినా, కొండవాసులు శివలింగాన్ని కొలిచే గుహను బయటి అధికారి కనుగొన్నాడనడం వారిని చరిత్రలోంచి తుడిచేయడమే. సమత తీర్పు షెడ్యూల్డు ప్రాంతపు పరిశ్రమల నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల అభివృద్ధికి శాశ్వత నిధిగా పెట్టాలంది. అదే కొలత గుహ టికెట్టుకూ వర్తించాలి. గుహను పర్యాటకాభివృద్ధి సంస్థ నడుపుతున్నా, ఏటా వచ్చిన ఆదాయం, పంచాయతీకి చేరిన వాటా గ్రామసభలో చదివి వినిపించాలి. గంటకు ఎంతమందిని లోపలికి పంపాలో తేల్చే సంఘంలో భూగర్భ శాస్త్రవేత్త పక్కన గ్రామసభ ప్రతినిధికి ఓటు ఉండాలి.