ఆయిల్ ప్రెషర్ గేజి

ఆయిల్ ప్రెషర్ గేజి అనేది మోటారు వాహనపు ఇంజనులో ప్రవహించే కందెన నూనె పీడనాన్ని డ్రైవరుకు చూపే పరికరం. దీనిని చమురు పీడన మాపకం అనవచ్చు గానీ, వాహనదారులలోనూ మెకానిక్కులలోనూ ఆయిల్ గేజి అన్న మాటే వాడుకలో ఉంది. పాత కార్లలో ఈ గేజి సూది ఉండవలసిన చోట ఉండకపోవడం తరచుగా కనిపించే సమస్య. అటువంటప్పుడు లోపం గేజిలో ఉందా, ఇంజనులో ఉందా అన్నది ముందుగా తేలాలి. గేజి లోపాన్ని ఇంజను లోపంగా పొరబడితే, బాగున్న ఇంజనును దింపి విప్పించిన ఖర్చు మీద పడుతుంది. ఇంజను లోపాన్ని గేజి లోపంగా కొట్టిపారేస్తే, కొద్ది కిలోమీటర్లలోనే బేరింగులు చెడి క్రాంక్ షాఫ్టు గీతలు పడవచ్చు. ఈ రెండవ పొరపాటు మొదటిదానికన్నా చాలా ఖరీదైనది. కనుక వేరే విధంగా రుజువయ్యేవరకు సూది నిజమే చెబుతున్నదని భావించాలి.

పీడనం ఏర్పడే తీరు

ఇంజను అడుగున ఉండే తొట్టి నుండి నూనెను ఒక పంపు పైకి తోడి, ఫిల్టరు గుండా బేరింగులకు పంపుతుంది. పంపు చేసే పని నూనెను తోయడం మాత్రమే. బేరింగుల సన్నని సందులు ఆ ప్రవాహానికి అడ్డుపడటం వలన పీడనం పుడుతుంది. పంట కాలువకు పైనుండి వచ్చే నీరు తగ్గకపోయినా, గట్టుకు గండ్లు పడితే కాలువలో మట్టం పడిపోతుంది. అదే విధంగా బేరింగులు అరిగి సందులు పెరిగితే, పంపు బాగున్నప్పటికీ పీడనం తగ్గుతుంది. పీడనం మితిమీరకుండా ఒక స్ప్రింగు వాల్వు ఉంటుంది. ఎక్కువైన నూనెను అది తిరిగి తొట్టిలోకి వదిలివేస్తుంది.

హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో తయారుచేసిన అంబాసిడర్ కారులో దీర్ఘకాలం వాడిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ కుటుంబానికి చెందినది. ఈ తరహా ఇంజను బాగా వేడెక్కిన తరువాత పరుగులో చదరపు అంగుళానికి సుమారు 50 పౌండ్లు, ఐడిలింగ్‌లో సుమారు 15 పౌండ్లు చూపడం సాధారణం. చదరపు సెంటీమీటరుకు కిలోగ్రాములలో చెప్పాలంటే ఇవి వరుసగా మూడున్నర, ఒకటి. తెల్లవారి చలిలో మొదటిసారి స్టార్టు చేసినప్పుడు నూనె చిక్కగా ఉంటుంది గనుక సూది ఇంతకన్నా పైకి పోతుంది. దానిని చూసి గాభరా పడవలసిన పనిలేదు. అలాగే వేసవి మధ్యాహ్నం ట్రాఫిక్‌లో నిలిచినప్పుడు సూది కొంత దిగడం కూడా సహజమే.

గేజిలలో రకాలు

మొదటి రకం యాంత్రిక గేజి. ఇంజను నుండి ఒక సన్నని గొట్టం నేరుగా డాష్‌బోర్డు వరకు వస్తుంది. ఆ గొట్టంలోని నూనె, గేజిలో వంపు తిరిగి ఉన్న మరొక చిన్న గొట్టాన్ని నిటారు కావడానికి తోస్తుంది. ఆ కదలికే సూదిని తిప్పుతుంది. ఈ వంపు గొట్టానికి 1849లో పేటెంటు పొందిన ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ బోర్డాన్ పేరు మీదుగా బోర్డాన్ గొట్టమని పేరు. ఇందులో విద్యుత్తు ప్రమేయం లేదు గనుక ఈ గేజి చాలావరకు నమ్మదగినది. గొట్టంలో మడ్డి పేరుకుంటే సూది బద్ధకంగా కదులుతుంది. గొట్టం నలిగితే అసలే లేవదు. గొట్టం పగిలితే మాత్రం డ్రైవరు కాళ్ళ దగ్గర వేడి నూనె కారడంతో పాటు తొట్టి కూడా ఖాళీ అవుతుంది. కనుక పాత గొట్టాన్ని అప్పుడప్పుడు చూసుకోవాలి.

రెండవది విద్యుత్ గేజి. ఇంజను బ్లాకుకు బిగించిన సెండర్ యూనిట్ పీడనాన్ని బట్టి కరెంటును మారుస్తుంది. ఆ కరెంటు ఒక వైరు ద్వారా గేజికి చేరి సూదిని కదుపుతుంది. సెండరుకు రెండవ వైరు ఉండదు. దాని లోహపు ఒళ్ళే ఇంజను బ్లాకు ద్వారా ఎర్తు అవుతుంది. గేజి తప్పు చూపే సందర్భాలలో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది.

గేజికి బదులుగా, లేదా గేజితో పాటు, ఎర్ర దీపం ఉండే కార్లు కూడా ఉన్నాయి. ఈ దీపం సాధారణంగా పీడనం 5 నుండి 10 పౌండ్లకు దిగినప్పుడు మాత్రమే వెలుగుతుంది. కనుక దీపం వెలగలేదంటే పీడనం సరిపోతున్నదని అర్థం కాదు, పూర్తిగా పోలేదని మాత్రమే.

లోపాన్ని కనుగొనే విధానం

నడుస్తుండగా సూది సున్నాకు పడిపోయినట్లయితే మొదట ఇంజను ఆపాలి, ఆలోచన ఆ తరువాత. చదునైన చోట కొన్ని నిమిషాలు ఆగి డిప్ స్టిక్‌తో నూనె మట్టం చూడాలి. నూనెకు పెట్రోలు వాసన ఉంటే పెట్రోలు కలిసి పలచబడిందని, పాలు కలిపినట్లు ఉంటే రేడియేటరు నీరు చేరిందని గ్రహించాలి. ఈ రెండు సందర్భాలలో గేజిని అనుమానించనవసరం లేదు.

మట్టం, నూనె బాగున్నప్పుడు సూది నడతను గమనించాలి. వేడెక్కే కొద్దీ మెల్లగా దిగుతూ, యాక్సిలరేటరు నొక్కితే లేస్తూ ఉండే సూది నిజమైన పీడనాన్నే చూపుతూ ఉండవచ్చు. హెడ్‌లైట్లు వేసినప్పుడో హారను మోగించినప్పుడో ఎగిరిపడే సూదికి కారణం విద్యుత్ లోపం. మలుపులలో మాత్రమే పడిపోయే సూది తొట్టిలో నూనె తక్కువైందని, పంపు గాలిని పీలుస్తున్నదని తెలుపుతుంది. పెట్రోలు, ఉష్ణోగ్రత గేజిలు కూడా ఒకేసారి తప్పుతుంటే, ఆ మూడింటికీ కరెంటు ఇచ్చే వోల్టేజి స్టెబిలైజరును చూడాలి.

తరువాతి పరీక్షకు తాళం తిప్పి, ఇంజను స్టార్టు చేయకుండా, సెండరు మీది వైరును ఊడదీయాలి. ఆ వైరు కొసను ఒక్క క్షణం బ్లాకుకు తాకించాలి. సూది ఒక కొస నుండి రెండవ కొసకు పోతే గేజి, వైరు రెండూ బాగున్నట్లే. అనుమానం సెండరు మీదికి, దాని ఎర్తు మీదికి మళ్ళుతుంది. వైరును తాకించి ఎక్కువసేపు ఉంచరాదు, వేడితో పనిచేసే పాత గేజిలలోని సన్నని తీగ కాలిపోతుంది.

సూది ఏ కొసకు పోతుందన్నది సెండరు రకాన్ని బట్టి ఉంటుంది. కొన్ని సెండర్లు పీడనం లేనప్పుడు 10 ఓములు, పూర్తి పీడనంలో సుమారు 180 ఓములు చూపుతాయి. మరికొన్ని సున్నా వద్ద 240, పూర్తి పీడనంలో 33 ఓములు చూపుతాయి. ఒక రకం గేజికి మరో రకం సెండరును బిగిస్తే సూది తలక్రిందులుగా నడుస్తుంది. 2014లో అంబాసిడర్ తయారీ నిలిచిపోయిన తరువాత, దొరికిన సెండరును బిగించుకోవడం వలన ఇటువంటి పొరపాటుకు అవకాశం పెరిగింది. సెండరు మార్చిన మరునాటి నుండే రీడింగు తప్పితే మొదట అనుమానించవలసినది కొత్త సెండరునే.

ఎర్తును పరీక్షించడం మరీ సులభం. ఒక వైరుతో సెండరు ఒంటిని బ్యాటరీ ఎర్తు కొసకు తాత్కాలికంగా కలిపితే చాలు. సూది వెంటనే సరైన చోటికి వస్తే దోషం దొరికినట్లే. లీకు ఆపడానికి సెండరు మరలకు మందంగా టేపు చుట్టడం కూడా ఎర్తును చెడగొట్టవచ్చు.

తీర ప్రాంతాలలో

ఎర్తు లోపాలకు ఉప్పుగాలి పెద్ద కారణం. గోదావరి గౌతమీ శాఖ వెంబడి, బంగాళాఖాతానికి చేరువలో ఉన్న కోనసీమ మండలం ఐ.పోలవరం వంటి ప్రాంతాలలో దీనిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. (ఈ ఊరు ప్రాజెక్టు గల పోలవరం కాదు.) ఎదుర్లంక, మురమళ్ళ పరిసరాలలో కొబ్బరితోటల నడుమ షెడ్డులో నెలల తరబడి కదలకుండా ఉంచిన కారులో రాగి, ఇత్తడి కొసలకు చిలుము పడుతుంది, ఇనుప బోల్టులకు తుప్పు పడుతుంది. ఇంజను రబ్బరు దిమ్మలపై కూర్చుని ఉంటుంది గనుక, దానిని బాడీకి కలిపే అల్లిక పట్టీ తుప్పుపడితే ఎర్తు దాదాపు తెగిపోతుంది. అప్పుడు 240-33 ఓముల సెండరు ఉన్న కారులో పీడనం తక్కువగాను, 10-180 ఓముల సెండరు ఉన్న కారులో ఎక్కువగాను కనిపిస్తుంది. స్టార్టరు కూడా నీరసంగా తిరుగుతుంటే ఈ పట్టీనే మొదట చూడాలి. కొసలను గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన గ్రీజు పూయడంతో సరిపోయే పని ఇది.

వరదనీటిలో మునిగిన కారు విషయం వేరు. అక్కడ తొట్టిలోకి నీరు చేరి ఉండవచ్చు. కనుక నూనె మార్చకుండా ఇంజను తిప్పరాదు, గేజి సంగతి తరువాత చూసుకోవచ్చు.

తుది పరీక్ష

పై పరీక్షలన్నీ అనుమానాన్ని ఒక వైపుకు మొగ్గేలా చేస్తాయే గానీ తీర్పునివ్వవు. సెండరును ఊడదీసి, అదే రంధ్రంలో యాంత్రిక పరీక్ష గేజిని బిగించి, ఇంజను వేడెక్కిన తరువాత కొలిచినదే ప్రమాణం. ఇంజను దింపమని సలహా ఇచ్చే ముందు ఈ పరీక్ష జరిగి తీరాలి. బ్రిటిష్ మూలం గల ఇంజనులలో పైపు మర కొలత వేరుగా ఉంటుంది. సరైన జోడింపు లేకుండా బలవంతంగా బిగిస్తే బ్లాకులోని మరలు పాడవుతాయి.

పరీక్ష గేజి కూడా తక్కువే చూపితే, చవక పనులతో మొదలుపెట్టడం వివేకం. సరైన గ్రేడు నూనె, కొత్త ఫిల్టరు వేసి, ఆ తరువాత స్ప్రింగు వాల్వును విప్పి చూడాలి. దాని కింద చిన్న రజను ఇరుక్కున్నా వాల్వు మూసుకోక పీడనం పడిపోతుంది. తొట్టి దింపి జల్లెడ, పంపు, బేరింగులు చూడటం దీని తరువాతి మెట్టు.

తప్పుడు మరమ్మత్తులు

సూదిని పైకి లేపడానికి వాల్వు స్ప్రింగు వెనుక వాషర్లు పెట్టడం, అవసరానికి మించి చిక్కని నూనె పోయడం వంటి పద్ధతులు ఉన్నాయి. వీటితో వైద్యం జరిగేది సూదికే, ఇంజనుకు కాదు. చిక్కని నూనె చలిలో బేరింగులకు ఆలస్యంగా చేరి అరుగుదలను పెంచుతుంది కూడా. గేజి వైరులో ఒక రెసిస్టరు కలిపి సూదిని ఎప్పుడూ మధ్యలో నిలిపి ఉంచడం మరమ్మత్తు అనిపించుకోదు, అది మోసం. పాత కారు కొనేవారు ఇంజను స్టార్టు చేయకముందే తాళం తిప్పి ఆయిల్ గేజిని చూడాలి. ఆగి ఉన్న ఇంజనులో పీడనం ఉండదు గనుక సూది సున్నా వద్ద ఉండాలి. మధ్యలో ఉంటే పరీక్ష గేజితో కొలిపించకుండా బేరం కుదుర్చుకోరాదు.