బెళ్లందూరు నురగ, మన హోసూరు పొలాలు

నంది కొండల దగ్గర పుట్టిన రెండు పినాకినుల్లో ఉత్తర పినాకిని నెల్లూరికి పోతుంది, మనవాళ్లు పెన్న అంటారు. దక్షిణ పినాకిని బెంగళూరు తూర్పున దిగి హోసూరు పక్క కెలవరపల్లి డ్యాముకు వస్తుంది. ఆ ఆయకట్టులో తరతరాలుగా మన తెలుగు రైతులూ ఉన్నారు.

బెంగళూరులో పెద్ద ఏరు లేదు. అందుకే పాతకాలం వాళ్లు వాననీటికి గొలుసుకట్టు చెరువులు కట్టారు. పై చెరువు అలుగు పారితే రాజకాలువ గుండా కింది చెరువు నిండేది. నీరుగంటి తూము తీసి మడులకు వంతులు వేసేవాడు. ఎండాకాలం పూడిక మట్టి తీసి పొలాలకు తోలుకునేవారు. చెరువు శుభ్రమయ్యేది, పొలానికి ఎరువు దొరికేది.

ఊరు పెరిగింది. తాగునీరు కావేరి నుంచి వచ్చింది. చెరువుతో పని తీరింది. రాజకాలువల్లోకి మురుగు దిగింది. సుమారు 900 ఎకరాల బెళ్లందూరు చెరువు, దాని కింది వర్తూరు చెరువు ఆ మురుగుకు గుంటలయ్యాయి.

మురుగులోని నత్రజని, భాస్వరం తిని గుర్రపుడెక్క నీటిని కప్పేసింది. అది కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది, చేపలు చస్తాయి. అడుగు బురదలో మీథేన్ పుడుతుంది. బట్టల సబ్బుపొడి రసాయనాలు కలిసిన నీరు అలుగు మీద నుంచి దూకితే నురగ లేస్తుంది. 2015లో ఆ నురగకే మంటలంటుకున్నాయి. 2018 జనవరిలో చెరువులోని గడ్డి కాలితే ఆర్పడానికి సైనికులు దిగారు. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ కర్ణాటక ప్రభుత్వానికి 50 కోట్లు జరిమానా వేసింది.

ఆ నురగ రాష్ట్రం సరిహద్దు దగ్గర ఆగదు. వాన పడ్డప్పుడల్లా కెలవరపల్లి గేట్ల కింద తెల్లగా గుట్టలు పడుతుంది. ఆ నీళ్లే మన టమాటా మడులకు పారతాయి.

దీన్ని కన్నడం, తమిళం తగాదాగా చూస్తే మనకు ఒరిగేదేమీ లేదు. పైన అపార్టుమెంట్లలో ఉన్నదీ మనవాళ్లే, కింద మడి కట్టేదీ మనవాళ్లే. కాబట్టి బెంగళూరులోని అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ ఒక్క మనవి: మీ అపార్టుమెంటు మీటింగులో మురుగుశుద్ధి ప్లాంటు రోజూ నడుస్తోందా, నీళ్లు ఎక్కడికి వదులుతున్నారు అని అడగండి. జవాబు ఇక్కడ కామెంట్లలో రాయండి. కింది చెరువు బాగు పై చెరువు చేతిలోనే ఉంది.