నల్లపూస కథ

“ఏరా, బొత్తిగా నల్లపూసైపోయావు!” అంటూ గుమ్మంలోకి ఎదురొచ్చాడు నా చిన్ననాటి స్నేహితుడు. చాలా రోజులకు కనబడ్డ మనిషిని తెలుగువాడు పలకరించే తీరు అదే కదా!

మావాడుండేది ఫిల్మ్‌నగర్‌లో, కొండెక్కితే వచ్చే ఓ సందులో. సినిమాలకు నగలు అద్దెకివ్వడం వాడి వృత్తి. వాళ్ల నాన్నగారు మద్రాసులో మొదలుపెట్టారు. పరిశ్రమ హైదరాబాదుకు తరలినప్పుడు రెండు ఇనప్పెట్టెలతో ఆయనా తరలివచ్చారు. కిరీటాలు, వడ్డాణాలు, కంటెలు, కాసులపేర్లు, అన్నీ గిల్టే. మహారాణి మెడలోదైనా సరే, సాయంత్రమయ్యేసరికి లెక్క చూసి మళ్లీ పెట్టెలో వెయ్యాల్సిందే.

ఆ రోజు వాడు నా చేతిలో ఓ నల్లటి లాకెట్టు పెట్టాడు. పాతసామాన్ల అంగట్లో దొరికిందట. ఏదో సినిమాలో దొరసాని మెడలో వేశారట. వెనకవైపు చిన్న అద్దం. అద్దం కింద జడలా అల్లిన గోధుమరంగు దారం.

“దారం కాదురా, జుట్టు. పోయిన మనిషి జుట్టు” అన్నాను.

వాడు లాకెట్టును బల్లమీద పడేసి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

భయపడాల్సిందేమీ లేదు. ఇంగ్లండులో ఒకప్పుడు అది మర్యాద. పోయినవాళ్ల పేరిట నగ చేయించుకుని పెట్టుకునేవారు. పోయేవాళ్లు కూడా వీలునామాలో ఉంగరాలకని డబ్బు రాసి పోయేవారు. షేక్‌స్పియరు మహాశయుడు 1616లో పోతూ పోతూ తన నాటక సమాజంలోని ముగ్గురికి, బర్బేజికీ హెమింగ్స్‌కీ కాండెల్‌కీ, ఉంగరాలు కొనుక్కోమని తలా 26 షిల్లింగుల 8 పెన్నీలు రాశాడు. వారిలో బర్బేజి 1619లో పోయాడు. మిగిలిన ఇద్దరూ పూనుకుని 1623లో షేక్‌స్పియరు నాటకాలు 36 ఒక్క సంపుటంగా అచ్చువేయించారు. వాటిలో సగం అంతకుముందు అచ్చు మొహం చూడనివే. ఉంగరం రుణం అలా తీర్చుకున్నారన్నమాట!

ఈ ముచ్చట బాగా ముదిరింది విక్టోరియా రాణి కాలంలో. ఆమె భర్త ఆల్బర్టు 1861 డిసెంబరు 14న పోయాడు. 1901లో తాను కన్నుమూసేదాకా ఆవిడ నల్లబట్ట విడవలేదు. రాణి ఎటో దేశమూ అటే. భర్త పోయిన ఆడది రెండేళ్లకు పైగా శోకవస్త్రాలు కట్టాలి. మొదట్లో మెరుపులేని నల్లనగలే పెట్టాలి. విట్బీ అనే సముద్రపుటొడ్డు ఊళ్లో ‘జెట్’ అనే నల్లటి పదార్థం దొరుకుతుంది. చూపులకు రాయి, నిజానికి 18 కోట్ల ఏళ్ల కిందట నీటపడి బురదలో కూరుకుపోయిన చెట్టుమాను. బొగ్గుకు దాయాది. దాన్ని చెక్కి నగలు చేసే పనిమీద ఆ ఊళ్లో వెయ్యిమందికి పైగా బతికారు. నగలో ముత్యం పొదిగితే అది కన్నీటిబొట్టు. తెల్లటి ఎనామెల్ వేస్తే పోయింది పసిబిడ్డ అనో, పెళ్లికాని మనిషి అనో గుర్తు.

జెట్ కొనలేనివాళ్లకు నల్లగాజు ఉండనే ఉంది. దానికి ‘ఫ్రెంచి జెట్’ అని గొప్ప పేరు! తేడా కనిపెట్టడం సులువే. అసలు జెట్ తేలిగ్గా ఉంటుంది, ఒంటికి చల్లగా తగలదు. మెరుగు లేని పింగాణీ మీద గీస్తే గోధుమరంగు గీత పడుతుంది. మావాడు కాఫీకప్పు బోర్లించి అడుగు అంచుమీద గీసి చూశాడు. గీత పడలేదు.

“ఇదీ గిల్టేనా!” అని నవ్వాడు.

నగ గిల్టే. లోపలి జుట్టు మాత్రం గిల్టు కాదు.

అయితే నాకు వింతగా తోచింది మరొకటి. అక్కడ నల్లపూస వేసుకుంటే మొగుడు పోయాడని అర్థం. ఇక్కడ నల్లపూసలు వేసుకుంటే మొగుడు ఉన్నాడని అర్థం. అదే నలుపు, అదే గాజు! గాజుపూస మనకేమీ కొత్తది కాదు. తిరుపతి దాపున పాపానాయుడుపేటలో కరిగిన గాజును ఇనపగొట్టానికెత్తి, లోపల బోలుగా ఉండేటట్టు పొడుగ్గా లాగి, ముక్కలు కోసి, బూడిదలో వేసి కాచి అంచులు నున్నన చేసే విద్యను పరిశోధకులు స్వయంగా చూసి రాశారు. అలా లాగి చేసిన పూసలు రెండువేల ఏళ్ల కిందటే పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో తయారయ్యాయి.

వాళ్లు శోకానికి నగ తొడిగారు. మనం నగ ఒలిచాం. మంగళసూత్రం, నల్లపూసలు, గాజులు, మట్టెలు, ఆఖరికి బొట్టు. అలాగని దొరసాని ఏదో స్వతంత్రంగా బతికిందనుకోకండి. పెట్టుకోమన్నదీ ఆజ్ఞే, తీసెయ్యమన్నదీ ఆజ్ఞే. రెండూ ఆడదానికే. పంజాబులోనైతే భార్య పోయినవాడు మళ్లీ పెళ్లి చేసుకుంటే, పోయిన సవతి పేరిట రెండో ఆవిడ మెడలో వెండిబిళ్ల కట్టేవారు. పెళ్లాం పోయింది మగవాడికి. ఆ గుర్తు మోసేది మాత్రం మరో ఆడది!

మన హైదరాబాదులోనే చూడండి. మొహర్రం రాగానే షియా స్త్రీలు గాజులు, నగలు తీసేస్తారు. డబీర్‌పురాలోని బీబీకా ఆలంకు మాత్రం వజ్రాలూ నగలూ ఆరు నల్లసంచుల్లో పెట్టి కడతారు. ఆ శోకానికో గడువుంది: రెండు నెలల ఎనిమిది రోజులు. తరువాత మళ్లీ చేతినిండా గాజులు. దొరసానికీ రెండేళ్లో మూడేళ్లో గడువుంది. గడువంటూ లేనిది మన విధవరాలికే.

ఆ గడువు కోసమే వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. అప్పటికి చట్టం వచ్చి పాతికేళ్లయింది. పీటలమీద కూర్చునే ధైర్యమే రాలేదు. సినిమావాళ్లూ ఊరుకోలేదు. 1940లో బి.ఎన్.రెడ్డిగారి ‘సుమంగళి’ వితంతు వివాహం మాటెత్తింది, 1986లో విశ్వనాథ్‌గారి ‘స్వాతిముత్యం’ ఆ మెడలో మళ్లీ తాళి కట్టించింది. అయితే గాజులు పగలగొట్టి బొట్టు చెరిపే సీను మాత్రం, అవతల లెక్కలేనన్ని సినిమాల్లో నడుస్తూనే వచ్చింది.

“అలాంటి సీన్లకు నేనెన్ని డజన్ల గాజులు పంపానో!” అన్నాడు మావాడు. కాసేపు ఊరుకుని మళ్లీ అందుకున్నాడు.

“నాన్న పోయినప్పుడు పదోరోజున మా మేనత్త ‘మీ అమ్మను తయారు చెయ్యండర్రా’ అంది. నేను గదిలోకి వెళ్లాను. మంగళసూత్రం అమ్మే తీసి నా చేతిలో పెట్టింది. నల్లపూసలు మాత్రం తియ్యలేదు. ‘ఇవి మీ నాన్న మద్రాసులో తొలి సంపాదనతో కొన్నారురా. ఆయన పోయారని వీటికెలా చెప్పను?’ అంది. పైటకొంగు మెడచుట్టూ కప్పి, బయటికొచ్చి, అయిపోయిందని చెప్పాను. తరువాత అత్తకు తెలిసింది. ఇప్పటికీ మా గడప తొక్కదు.”

నాకేం చెప్పాలో తోచలేదు.

ఇంతలో వాళ్లమ్మగారు రెండో విడత కాఫీ పట్టుకొచ్చారు. “ఏం నాయనా, అంతా కులాసాయేనా?” అంటూ బల్లమీది లాకెట్టు చూశారు. కళ్లజోడు సవరించుకుని, కిటికీ వెలుగులో పట్టి, ఆ జుట్టుకేసి చాలాసేపు చూశారు. ఆవిడ మెడలో నల్లపూసలు కనిపిస్తూనే ఉన్నాయి.

“ఎవరి మనిషో, పాపం! ఎవరు దాచుకున్నారో!” అన్నారు. “అద్దె నగల్లో కలపకురా అబ్బాయ్.”

మావాడు కలపలేదు. బీరువా తీసి, వాళ్లమ్మ మంగళసూత్రం దాచిన డబ్బాలోనే దాన్నీ పెట్టాడు.