దూరస్థుల పందెములు

ఒకే మైదానమున నిలువక, ఒకరి మొగ మొకరు చూడక, ఎవరి యూర వారుండియే పందెములాడుట సెల్‌ఫోనుల కాలపు వింతయని పలువురు తలంతురు. కాని ఇరువదవ శతాబ్ది పూర్వార్ధముననే అమెరికాలో, వేర్వేఱు పట్టణముల ఈతగాండ్రు తమ తమ కొలనులలో ఈది, పట్టిన కాలమును టెలిగ్రాముల ద్వారా తెలుపుకొని, జయాపజయములను నిర్ణయించుకొను ఆచార ముండెను. తంతి తెచ్చిన యంకెనే ప్రత్యర్థిగా నెంచిన ఆ యువకులే నేటి వర్చువల్ ఫిట్‌నెస్ ఛాలెంజిలకు మూలపురుషులని నా యభిప్రాయము.

పోటీ మనుష్యుని శక్తి నుద్దీపింపఁజేయు నన్న మాటకు శాస్త్రాధారమును వెదకినవాఁడు నార్మన్ ట్రిప్లెట్. ఇండియానా విశ్వవిద్యాలయమున ఆయన సైకిలు పందెముల లెక్కలను పరిశీలించి, ఒంటరిగా కాలముతో పోరాడువానికంటె తోడుగలవాఁడు వేగముగా పోవుట గమనించి, బాలబాలికలచే గాలపు చక్రములను త్రిప్పించి పరీక్షించి, ఫలితములను 1898లో ప్రకటించెను. పలువురు పోటీలో వేగము హెచ్చించుకొనిరి. కొందఱు మాత్రము ఉద్వేగముచే తొట్రుపడి వెనుకఁబడిరి. ఈ రెండవ తెగను గూర్చి తరువాతివారు చాలకాలము పట్టించుకొనలేదు.

పోటీకి కొలువఁదగిన యంకె కావలయును; నడకకు నట్టి యంకె పిమ్మట దొరకెను. టోక్యో ఒలింపిక్ క్రీడలు ముగిసిన మఱుసటి యేఁట, అనఁగా 1965లో, జపానున 'మాన్పోకెయ్' అను అడుగుల లెక్కయంత్రము విపణికి వచ్చి, దినమునకు 10,000 అడుగులను ఆదర్శముగా నెలకొల్పెను. 2004లో మెల్‌బోర్నున ఆరంభమైన గ్లోబల్ కార్పొరేట్ ఛాలెంజి ఆ యంకెను జట్టు వ్యవహారముగా మార్చెను. ఏడుగురుద్యోగు లొక జట్టు. వారి యడుగులన్నియు కలిసి పటముపై ప్రపంచయాత్ర. తన లోటు జట్టు నెక్కడ వెనుకకు లాగునో యని రాత్రి పదునొకండు గంటలకు వసారాలో పచారుచేయు గుమాస్తాయు, పనిలోపనిగా యంత్రమును కుక్క మెడకుఁ గట్టు చతురుఁడును ఇట్టి పోటీలలోనే పుట్టిరి.

హార్వర్డున ఒకే పడవజట్టులో తెడ్లు వేసిన మార్క్ గెయినీ, మైకేల్ హోర్వత్ చదువు ముగిసిన పిమ్మట ఆ సాహచర్యమునకై పరితపించి 2009లో వ్యాయామములను నమోదుచేసి పోల్చు 'స్ట్రావా' యాప్‌ను స్థాపించిరి. అందలి ప్రజ్ఞ యెల్ల సెగ్మెంటులో, అనఁగా దారిలోని యొక తునుకకు వేఱుగా ర్యాంకుల పట్టిక కట్టుటలో, నున్నది. లోకమునకంతటికి నొక్క పట్టికయైనచో సామాన్యుఁడు లక్షల సంఖ్య క్రింద నణఁగి విసుగుఁజెందును. ఊరి చివరి గుట్టయెక్కు కొలఁదిదూరమునకే వేఱు పట్టిక యున్నచో, నిన్న తనను దాఁటినవాఁడు తా నెఱిఁగిన పొరుగువాఁడే యగును. ర్యాంకునకు బలము అది చూపు ఎత్తునందుఁ గాక, పై మెట్టు చేరువ యగుటయందున్నదని నేననుకొందును.

తరువాతి పరిశోధనలు నాకు దీనినే సూచించుచున్నవి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున సుమారు 800 మంది విద్యార్థులపై 11 వారములు సాగి 2016లో వెలువడిన పరిశోధనలో, పోటీ పట్టిక చూచినవారు వ్యాయామ తరగతులకు మిక్కిలిగా హాజరైరి. పరస్పర ప్రోత్సాహమే పనిగాఁ బెట్టుకొన్న జట్లు ఒంటరివారికంటెను వెనుకఁబడెను. చురుకులేని సభ్యులపైననే అందఱి దృష్టి నిలుచుట అందులకుఁ గారణమని పరిశోధకులు భావించిరి. 2019లో ప్రకటితమైన మఱియొక పరీక్షలో 602 మంది పాల్గొనఁగా, ముగ్గురేసి చొప్పున పోటీపడినవారు తక్కిన వర్గములకంటె ఎక్కువ యడుగులు వేయుటయే కాక, పోటీ నిలిచిన పిమ్మటను కొంత యలవాటును నిలుపుకొనిరి.

కోవిడు వేళ పందెములన్నియు ఇండ్లకుఁ జేరెను. మన దేశముననే 2020 ఆగస్టులో, ఎవరి చోట వారు, తమకు వీలైన వేళ పరుగెత్తు 'ఫిట్ ఇండియా ఫ్రీడమ్ రన్' మొదలయ్యెను. ఆ యేఁడే స్ట్రావా 'లోకల్ లెజెండ్' బిరుదమును కల్పించి, వేగముతో పనిలేక, 90 దినములలో ఒక మార్గమున ఎక్కువ మారులు సంచరించినవారికి దాని నొసఁగెను. ముదుసలియు మందగామియు గెలువఁదగిన మర్యాదస్థాన మిది; ఐనను, దానిని నిలుపుకొనుటకై ఒకే సందును పూటకు పదిమారులు చుట్టివచ్చు మహనీయులు లేకపోలేదు.