పురాయుగ పటములు

షోలాపురమునుండి హైదరాబాదు మార్గమున సాగిపోవువారికి పట్టణపు అంచున విడీ ఘర్కుల్ అను పేట తగులును. మరాఠీ భాషలో విడీ యనగా బీడీ, ఘర్కుల్ యనగా చిన్న యిల్లు. బీడీలు చుట్టి జీవించు శ్రామికులకై కట్టినవగుటచే ఆ యిండ్లకా పేరు కలిగినది. పేరు మరాఠీదే కాని, చాట నొడిలో నుంచుకొని, తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించి, చిటికెడు పొగాకు పోసి చుట్టి దారము కట్టు స్త్రీల నోట వినవచ్చునది తెలుగు. వారి పురుషులలో ననేకులు మరమగ్గములపై దుప్పట్లును తువాళ్లును నేయుదురు. 1877లో ఈ పట్టణమున మొదటి నూలుమిల్లు పనికి మొదలిడిన నాటినుండి, కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ మున్నగు సీమల పద్మశాలీలు, చేతిమగ్గము కూడు పెట్టజాలక కొందరు, అనావృష్టికి తాళలేక కొందరు, తరతరములుగా ఇచ్చటికి వచ్చి చేరిరి. శ్రావణపూర్ణిమనాడు మార్కండేయ మహాముని రథము వీథుల నూరేగునపుడు ఈ పట్టణము తెలుగుదేశపు నేతపల్లెయే యనిపించును.

ఆ పేట గోడలను తలచినపుడెల్ల నాకొక చిత్రలేఖనవిద్య స్ఫురించుచుండును. మానవుడు పుట్టకమున్ను భూమిపై సంచరించి నశించిన మహాసరీసృపములను, అనగా నేడు మన బాలురు డైనోసార్లని పిలుచు జంతువులను, గోడలపై నిలువెత్తున చిత్రించు విద్య అది. దానికిని ఈ నేతవారికిని సంబంధమేమని అడుగువారికి సమాధానము నేలలోనే కలదు.

షోలాపురము నల్లరాతిపై నిలిచిన పట్టణము. ఆ నల్లరాయి యొకప్పుడు ద్రవాగ్ని. ఇంచుమించు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను పీఠభూమి నెఱ్ఱెలు విచ్చి, లక్షల సంవత్సరముల పాటు పొరమీద పొరగా ప్రవహించి గడ్డకట్టిన లావాయే అది. మహాసరీసృపముల యుగము ముగిసినదియు ఆ కాలముననే. మెక్సికో తీరమున పడిన గ్రహశకలము ప్రధానకారణమని పండితులలో ననేకుల మతము. దక్కను లావా వెడలగ్రక్కిన విషవాయువులును తోడైనవని మఱికొందరి వాదము. ఏది యెట్లున్నను, విడీ ఘర్కుల్ ముంగిట బిడ్డలు గోలీలాడుకొను నేల ఆ యుగాంతమునకు సాక్షి.

ఆ జంతువుల యౌవనమునకు సాక్షియైన నేల వేఱొకటి కలదు. గోదావరీ ప్రాణహితలు కలియుచోట, ఒక యొడ్డున మహారాష్ట్రములోని సిరోంచ, ఎదుటి యొడ్డున పాత ఆదిలాబాదు జిల్లా. రెండు ఒడ్డులందును తెలుగు వినబడును. రెండు ఒడ్డుల అడవులందును తునికాకు కోయుదురు. సిరోంచ దాపుననున్న కోట యను గ్రామము పేరిట భూగర్భశాస్త్రజ్ఞులు వ్యవహరించు శిలలు ఆ యడవుల క్రింద పరచుకొనియున్నవి. ప్రశాంతచంద్ర మహలనోబిస్ పిలుపున ఆంగ్లవిదుషి పమేలా రాబిన్సన్ కలకత్తాలోని భారతీయ సాంఖ్యకసంస్థకు వచ్చి పురాజీవశాస్త్రమునకు పునాదివేయగా, ఆ సంస్థవారు 1958 మొదలుకొని 1961 వరకు పోచంపల్లి యను నొక పల్లెకడ బ్రహ్మాండమైన యెముకల రాశిని వెలికితీసిరి. పట్టుచీరల పోచంపల్లి కాదిది. పేరు మాత్రమే యొకటి. వానిలో నొక తొడయెముక నిలువెత్తు మనుష్యునంత పొడవున్నది. వంగభాషలో పెద్దకాలని యర్థమిచ్చు మాటను ముందుంచి, త్రవ్వకము ముగిసిన 1961 రవీంద్రుని శతజయంతీవత్సర మగుటచే ఆ మహాకవి పేరును చేర్చి, 1975లో దానికి బారాపాసారస్ టాగోరై యని నామకరణము చేసిరి. పిదప భారత భూగర్భసర్వేక్షణశాఖవారు నాటి ఆదిలాబాదు జిల్లా యామనపల్లి సమీపమున మఱియొక శాకాహారి యెముకలను కనుగొనగా, పి. యాదగిరి 1988లో దానికి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరిడెను. మన పల్లె పేరొకటి ప్రపంచశాస్త్రగ్రంథములలో శాశ్వతముగా నిలిచినది. తొమ్మిది మీటర్ల ఆ యస్థిపంజరము నేడు హైదరాబాదులోని బిర్లా విజ్ఞానప్రదర్శనశాలలో నిలిచియున్నది.

అయితే ఎముక జంతువు కాదు. దానికి మాంసమును, చర్మమును, నిలుచుటకు భూమిని, తలపై ఆకాశమును ఇచ్చువాడు చిత్రకారుడు. 1830లో ఇంగ్లండున హెన్రీ డిలాబీష్ అను భూగర్భవేత్త, సముద్రతీరశిలలలో మేరీ ఆనింగ్ అను పేదరాలు త్రవ్వితీసిన శల్యములను ఆధారముగా గొని, పురాసముద్రమును నీటిరంగులతో చిత్రించెను. ఈ విద్యకు తొలిపలుకు అదియే యందురు. అమెరికాలో చార్లెస్ నైట్, బాల్యమున కంటికి రాయి తగిలి చూపు మందగించినవాడయ్యు, చికాగోలోని ఫీల్డ్ మ్యూజియము గోడలకై 28 మహాచిత్రములను రచించెను. కాని నా మనస్సును మిక్కిలి ఆకర్షించినది యేల్ విశ్వవిద్యాలయపు పీబాడీ మ్యూజియములోని కుడ్యచిత్రము. రుడోల్ఫ్ జాలింగర్ అను యువకుడు, పురాజంతువులను పురావృక్షములను గూర్చి పండితులకడ అభ్యసించి, 110 అడుగుల పొడవు, 16 అడుగుల యెత్తుగల గోడపై, ఆరిన గచ్చుమీద రంగులు వేయు ప్రాచీన ఇటలీ పద్ధతిలో, 1943లో ఆ చిత్రమును ఆరంభించి 1947లో ముగించెను. ముప్పది కోట్ల సంవత్సరములకు పైబడిన కాలము కుడినుండి యెడమకు ఆ యొక్క గోడపై ప్రవహించును. కాలమునకు కాలమునకు నడుమ గీత గీయక, ముందుభాగమున మహావృక్షముల నక్కడక్కడ నిలిపి, చెట్టు దాటినచో యుగము దాటినట్లు అతడు కూర్చిన నేర్పును చూచినపుడు నాకు చేర్యాలలో నకాషీలను చిత్రకారులు వ్రాయు పటము జ్ఞప్తికి వచ్చినది.

చేర్యాల పటము గోడ కాదు, గుడ్డ. ఖాదీబట్టకు గంజియు, తెల్లసుద్దయు, చింతగింజల అంబలియు, తుమ్మజిగురును కలిపిన పూతను మాటిమాటికి పట్టించి, ఎండించి, నున్నజేసి, దానిపై ఉడుతవెండ్రుకల కుంచెతో రేఖలు గీసి, ఎఱ్ఱని భూమికపై బొమ్మలు నింపుదురు. మూడడుగుల వెడల్పున నలువది, ఏబది, అరువది అడుగుల పొడవు సాగు ఆ పటమును చుట్టలుగా చుట్టుకొని, కథకులు ఊరూర విప్పి, అడ్డపట్టీలలో కథను చూపుచు పాడుచుందురు. ఏ కులమునకు ఆ కులపుకథ, ఏ కథకు ఆ కథకులు. పద్మశాలీలకు కూనపులివారు చెప్పునది భావనాఋషి వృత్తాంతము: మార్కండేయుని యజ్ఞకుండమునుండి యాతడు పుట్టుట, తామరతూటినుండి దారము తీసి దేవతలకు వస్త్రములు నేయుట, కాలవాసురుని సంహరించుట. మాదిగలకు డక్కలివారు చెప్పు జాంబపురాణమున జాంబవుడు భూమికంటె ముందు పుట్టినవాడు. ఇవి యన్నియు ఎవ్వరును కన్నులార చూడని కాలమును కన్నులకు కట్టు ప్రయత్నములే. తానెన్నడు చూడని తొలినేతగాని ముఖమును గీయుటకు నకాషీకి తాతలనాటి రూపకల్పన ఆధారమైనది; జాలింగరుకు శిలలలోని యెముకలు ఆధారమైనవి. ఈ రెండును సమానములని నేననను. ఒకటి నమ్మిక, ఒకటి పరీక్ష. కాని పొడవైన పట్టీపై కాలమును పరచి జనసమూహమునకు చూపు చేతిపని మాత్రము రెండింట నొక్కటే. ఆ పని మనవారికి క్రొత్త కాదని చెప్పుటయే నా యుద్దేశము.

రంగుల విషయమున మాత్రము ఈ పోలిక నిలువదు. పటములో ఏ దేవతకు ఏ రంగో సంప్రదాయము నిర్ణయించును. పురాజంతువుల మేనిరంగులు చిరకాలము చిత్రకారుని యూహయే. జాలింగరుడు వేసినవియు నట్టివే. 2010లో మాత్రము, చీనాలో దొరకిన కొన్ని యీకలుగల జంతువుల శిలావశేషములలో రంగుకణముల యాకృతి సూక్ష్మదర్శినికి చిక్కగా, వానిలో నొకదాని తోకపై ఎఱ్ఱగోధుమ, తెలుపు చారలుండెనని తేలినది. రంగులే కాదు, నడకను గూర్చిన యెఱుకయు మారినది. జాలింగరుని జంతువులు తోకలు నేల నీడ్చుచు నడచును. అవి తోకలను మీదికెత్తి నడచెనని నేటి శాస్త్రము. అయినను ఆ చిత్రమును పీబాడీవారు చెరిపివేయలేదు. ఆ కాలపు జ్ఞానమునకు గుర్తుగా దానిని కాపాడుకొనుచున్నారు. మన కథకులు మాత్రము పటము శిథిలమైనచో నకాషీచేత క్రొత్తపటము వ్రాయించుకొని, పాతదానిని విధియుక్తముగా నదిలో విడుతురు. క్రొత్తది పాతదానికి ప్రతిరూపము కావలెను. శాస్త్రజ్ఞుని క్రొత్తచిత్రము పాతదానికి సవరణ కావలెను. ఈ భేదము చిన్నది కాదు.

విడీ ఘర్కుల్ గోడయొకదానిపై, అచ్చటి బిడ్డల కన్నుల యెదుట, ప్రాణహిత యొడ్డునుండి షోలాపురపు నల్లరాతివరకు ఈ కాలపటమును పరచవలెనని నాకు గాఢమైన కోరిక. కుడికొననో యెడమకొననో కోటశిలల నాటి సరస్సులు, శంకుఫలవృక్షములు, వాని నడుమ కోటసారస్ గుంపు. రెండవకొనను ఎఱ్ఱని లావా. ఎఱ్ఱని భూమికను నింపుటలో నకాషీకి ఒకరు నేర్పవలసినది లేదు. తాతలు విడిచివచ్చిన నేల యెంత పురాతనమైనదో, తల్లి ఒడిలోని చాటలో కనబడు తునికాకు ఎట్టి జంతువుల సమాధులమీద పెరుగునో ఆ బిడ్డలు తెలిసికొనవలదా?

పనికి పూనుకొను చిత్రకారునికి చిక్కు మెడ దాటినపిమ్మట వచ్చును. యామనపల్లికడ దొరకిన శకలములు 840, పన్నెండింటికి తక్కువ కాని జంతువులవి, కాళ్లు, వెన్నుపూసలు, పక్కటెముకలు, తోక, అన్నియు కలవు, కపాలము లేదు. బారాపాసారసునకును అంతే. తేలికైన తలయెముకలు ఆనాటి వరదలో ఎటు కొట్టుకొనిపోయినవో! ప్రదర్శనశాలలో నిలిచిన కోటసారస్ శిరస్సు పోలికనుబట్టి చేసినదే. విగ్రహములు చేయు మన శిల్పులు సర్వాంగములు ముగిసినపిమ్మట చిట్టచివర కన్ను తెఱచుదురు. ఈ గోడపై కుంచెపట్టువాడును అట్లే దేహమంతయు ముగించి, తలకడ నిలిచి, ఆ శకలరాశిలో తలకు సంబంధించి మిగిలిన రెండు దంతములను చేత నుంచుకొని, ఆకులు త్రుంచు ఆ దవడ యెంత, ఆ దవడపై కన్ను ఎచ్చట అని చాలసేపు ఆలోచింపవలసియుండును.