లక్కీ డ్రా చట్టాల పుట్టుపూర్వోత్తరాలు

అమ్మకాలు పెంచుకోవడానికి వ్యాపారులు పెట్టే లక్కీ డ్రాలకు, బహుమతి పోటీలకు భారతదేశంలో విడిగా ఒక చట్టమంటూ లేదు. వాటిని కట్టడి చేసే నిబంధనలు లాటరీ, జూదం, వినియోగదారుల రక్షణ, ఆదాయపు పన్ను చట్టాల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. ఒక్కో నిబంధన ఒక్కో కాలపు అవసరం కొద్దీ పుట్టింది. ఎక్కువ వివాదాల్లో తేల్చవలసి వచ్చిన ప్రశ్న మాత్రం ఒకటే: బహుమతి సొమ్ము ఎవరి జేబులోంచి వస్తోంది?

కథ లాటరీతో మొదలవుతుంది. 1817లో కలకత్తాలో ఏర్పడిన లాటరీ కమిటీ టికెట్ల డబ్బుతో నగరంలో రోడ్లు వేయించింది. ప్రభుత్వం తనకు ఉంచుకున్న ఈ వెసులుబాటును ప్రైవేటువారికి ఇవ్వలేదు. అనుమతి లేని లాటరీలన్నిటినీ 1844 నాటి 5వ చట్టం నిషేధించింది. 1870లో ఆ నిషేధం శిక్షాస్మృతిలో 294-ఎ సెక్షన్‌గా చేరింది. లాటరీ తీయడానికి కార్యాలయం నడిపితే ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా, ప్రకటన వేస్తే వెయ్యి రూపాయల వరకు జరిమానా. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 297వ సెక్షన్ అయింది. ప్రకటనకు జరిమానా 5,000 రూపాయలకు పెరిగింది.

లాటరీ అనిపించుకోవడానికి మూడు లక్షణాలుండాలి: బహుమతి, అదృష్టం మీద ఎంపిక, పాల్గొనేవాడు చెల్లించే మూల్యం. మొదటి రెండిటినీ గుర్తుపట్టడం తేలిక. మూడోది సరుకు ధరలో దాక్కుని ఉండవచ్చు. 1883లో ఇంగ్లండు కోర్టుకు వచ్చిన టేలర్ వర్సెస్ స్మెట్టెన్ కేసు దీనికి తొలి ఉదాహరణల్లో ఒకటి. ఒక వ్యాపారి డేరా వేసి, పౌను తేయాకు పొట్లాన్ని రెండున్నర షిల్లింగులకు అమ్మాడు. ప్రతి పొట్లంలో ఒక కూపన్, కూపన్‌కో బహుమతి. ఏ బహుమతి వస్తుందో పొట్లం విప్పితేగాని తెలియదు. తేయాకు మంచిదే, పెట్టిన డబ్బుకు తగినదే. అయినా కొన్నవాడు తేయాకుతోపాటు అదృష్టానికీ కలిపే డబ్బు కట్టాడని, కనుక అది లాటరీయేనని కోర్టు తేల్చింది.

ఇరవయ్యో శతాబ్దంలో పజిల్ పోటీలు వచ్చాయి. బెంగళూరులో అచ్చయ్యే ‘స్పోర్టింగ్ స్టార్’ వారపత్రికలో ఆర్.ఎం.డి.సి. సంస్థ నడిపిన క్రాస్‌వర్డుకు బొంబాయి రాష్ట్రం నుంచి కూడా ప్రవేశ రుసుములు వచ్చేవి. ఇలాంటి పోటీల్లో ఒక ఆధారానికి రెండు మూడు మాటలు సమానంగా నప్పేవి. నిర్వాహకులు ముందే ఖాయం చేసుకున్న మాటతో కలిస్తేనే గెలుపు. పేరుకు తెలివి పరీక్ష, జరిగేది జూదం. బొంబాయి ప్రభుత్వం పన్ను వేయగా వివాదం సుప్రీంకోర్టుకు ఎక్కింది. ఈలోగా పార్లమెంటు 1955లో బహుమతి పోటీల చట్టం తెచ్చింది. అది రాష్ట్రాల పరిధిలోని అంశం. అందుకే కొన్ని శాసనసభలు తీర్మానించి పార్లమెంటును కోరవలసి వచ్చింది. ఆంధ్ర, హైదరాబాదు రాష్ట్రాలు రెండూ వాటిలో ఉన్నాయి. నెలకు బహుమతుల మొత్తం వెయ్యి రూపాయలు, పోటీకి ఎంట్రీలు రెండు వేలు దాటరాదని, లైసెన్సు ఉండి తీరాలని ఆ చట్టం శాసించింది. జూదం రాజ్యాంగం కాపాడే వ్యాపారం కాదని, అయితే నైపుణ్యం ప్రధానమైన పోటీలకు 1955 చట్టం వర్తించదని 1957లో సుప్రీంకోర్టు రెండు తీర్పుల్లో చెప్పింది. నైపుణ్యానికి, అదృష్టానికి మధ్య గీసిన ఆ గీతే తరువాతి కేసులకు కొలబద్ద. 1967లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని తేల్చింది కూడా దాన్ని బట్టే.

ఊళ్లలో నెలనెలా వాయిదా కట్టించుకుని, డ్రాలో పేరొచ్చినవారికి బైకో టీవీయో ఇచ్చి మిగతా వాయిదాలు మాఫీ చేసే స్కీములది వేరే దారి. 1978 నాటి ప్రైజ్ చిట్ల నిషేధ చట్టం కిందికి ఇవి వస్తాయి. నడిపితే మూడేళ్ల వరకు జైలు. లైసెన్సుతో సాగే చిట్‌ఫండు వేరు, ఇది వేరు. కట్టేముందే ఈ తేడా కనుక్కోవడం అవసరం.

కొనుగోలుదారుడి వైపు నుంచి చట్టం చూడడం 1984లో మొదలైంది. ఆ ఏడాది ఎం.ఆర్.టి.పి. (గుత్తాధిపత్య, నిర్బంధ వాణిజ్య పద్ధతుల) చట్టానికి చేసిన సవరణ, ఇచ్చే ఉద్దేశం లేకుండా బహుమతులు ప్రకటించడాన్నీ, ధరలో కలిపేసి ‘ఉచితం’ అనిపించడాన్నీ, అమ్మకాల కోసం పోటీలు, లాటరీలు పెట్టడాన్నీ అనుచిత వాణిజ్య పద్ధతుల్లో చేర్చింది. దీని మీద పెద్ద కేసు హార్లిక్స్‌ది. కొన్ని సీసాల్లో బహుమతి చీటీలు పెట్టిన పథకాన్ని ఎం.ఆర్.టి.పి. కమిషన్ తప్పుపట్టగా, 1998లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. సీసాలో చీటీ ఉన్నంత మాత్రాన అది మామూలు అర్థంలో లాటరీ కాదంది. తేయాకు పొట్లానికి ఒక న్యాయం, హార్లిక్స్ సీసాకు మరో న్యాయం అన్నట్టు కనిపించినా, రెండో చోట కోర్టు వెతికింది వినియోగదారుడికి నష్టం జరిగిందా అని. ఈ దృష్టే సమంజసం.

2002లో వినియోగదారుల చట్టానికి చేర్చిన ఒక చిన్న నిబంధన పెద్ద మేలు చేసింది: పథకం ముగిశాక తుది ఫలితాలు దాచడం కూడా అనుచిత పద్ధతే. ప్రకటన వచ్చిన పత్రికల్లోనే ఫలితాలు ప్రముఖంగా వేస్తే తెలియజేసినట్టు లెక్క. 2019 చట్టంలోనూ ఇది కొనసాగుతోంది. బహుమతి సొమ్ము ఎవరిదన్న ప్రశ్న టీవీ పోటీల్లోనూ తలెత్తింది. 2007లో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ ప్రేక్షకుల పోటీకి ఒక్కో ఎస్సెమ్మెస్‌కు 2.40 రూపాయలు పడేది. బహుమతి ఖర్చు అందులోంచే వచ్చిందంటూ జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో కోటి రూపాయల పరిహారం విధించింది. అందుకు ఆధారాలు లేవని సుప్రీంకోర్టు తరువాత ఆ తీర్పును కొట్టేసింది.

ఫోన్లలో ఆటలు పెరిగాక నైపుణ్యం గీత చెరగడం మొదలైంది. పందెం ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 కేంద్ర చట్టం డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను, నైపుణ్యమా అదృష్టమా అనే తేడా లేకుండా వద్దంది. ఆన్‌లైన్ పోటీకి రుసుము పెట్టదలచిన నిర్వాహకుడు ముందుగా చూడవలసింది ఇప్పుడు ఈ చట్టాన్నే.

చివరిది పన్ను. బహుమతి 10,000 రూపాయలు దాటితే నిర్వాహకుడు 30 శాతం మినహాయించాలి. వస్తువైతే పన్ను చెల్లింపు జరిగిందని నిర్ధారించుకున్నాకే ఇవ్వాలి. ఆరు లక్షల కారు గెలిచినవారు తాళాలు అందుకోవాలంటే ముందు 1,80,000 రూపాయల పన్ను వారో, నిర్వాహకుడో కట్టి ఉండాలి.